బుట్టలో దిగిన వార్తలు

మొన్న శుక్రవారం నమాజు అయ్యాక మస్తాన్ భాయ్ మా ఇంటికి వచ్చాడు. రాబిగ్ వైపు నుంచి జిద్దాకు రైల్లో వచ్చాడట. ఆ సంగతి గుమ్మంలోనే, చెప్పులు విప్పకముందే చెప్పేశాడు. "రైల్లో వచ్చినా ఆపా! కూసున్నోన్ని కూసున్నట్టే తెచ్చి దించినాది. కుదుపే ల్యా. ఇన్నేండ్లు బస్సు తోలిన నడుము గదా, కుదుపు లేకుంటే అదేందో భయమేసింది." ఆపా అంటే అక్క, నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. వచ్చే వారం అతను ఫైనల్ ఎగ్జిట్ మీద రాయచోటికి వెళ్ళిపోతున్నాడు. అంటే ఇక తిరిగి రాడు. పోయే ముందు చూసి పోదామని వచ్చాడు. ఒక చేతిలో ఖర్జూరాల డబ్బా, ఇంకో చేతిలో ఒక పాత పచ్చ ప్లాస్టిక్ బుట్ట. బుట్టకు ఒక పక్క పిడి విరిగితే కరెంటు వైరుతో కట్టి ఉంది. ఇంకో పక్క నీలం నైలాను తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. "గుర్తుపట్టినావా?" అన్నాడు. పట్టకేం. మా కోడలు చాయ్ పెట్టడానికి పోతూ, "అత్తమ్మా, ఇది బయట చెత్తడబ్బాలో వెయ్యమంటారా?" అని మర్యాదగా అడిగింది. వద్దమ్మా, దీంట్లో మేము పత్రిక నడిపాం అన్నాను. ముసలామెకు మతి తప్పుతోందనుకుందో ఏమో, నవ్వి ఊరుకుంది. మస్తాన్ భాయ్ సోఫాలో సర్దుకుని, "ఇంకో మాట గూడా ఉండాది ఆపా, మా ఇంట్లోఆమె చెప్పి పంపింది. చాయ్ తాగినాంక చెప్తాలే" అన్నాడు.

మేము రాబిగ్‌లో కాపురం పెట్టిన రోజుల్లో ఆ ఊరు ఇంకా ఊరో, రిఫైనరీకి వేసిన వాకిలో తేలని స్థితిలో ఉండేది. ఒక పక్క ఎర్ర సముద్రం, ఒక పక్క పొగగొట్టాలు, మధ్యలో రోజుకొకటి లేచే నాలుగంతస్తుల భవనాలు. పెద్ద ఇంజినీర్లు జిద్దాలో ఉండి పొద్దున్నే బస్సుల్లో వచ్చేవాళ్ళు. జిద్దా అద్దెలు కట్టలేని మాలాంటి వాళ్ళం రాబిగ్‌లోనే ఉండి, జిద్దా గురించి మాట్లాడుకుంటూ బతికేవాళ్ళం. గాలి తిరిగినప్పుడు రిఫైనరీ నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చేది. మా ఆయన కిటికీ మూస్తూ, "అది జీతం వాసనమ్మే, ముక్కు మూసుకోని పీల్చు" అనేవాడు. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో టైమ్ కీపర్. ఎవరు ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు పోయారు అని రాయడం పని. పిసినారి అంటే ఊరుకోడు గానీ, పెన్సిలు గోరంత అయ్యేదాకా పారెయ్యడు. ఆఫీసులో చెల్లిపోయిన టైమ్ షీట్లను, వెనక ఖాళీగా ఉన్నాయి కదా అని కట్టలు కట్టలుగా ఇంటికి మోసుకొచ్చేవాడు. ముందువైపు కంపెనీ ముద్ర, వెనకవైపు తెల్లటి కాగితం. నేను రచయిత్రిని కావడానికి మూలపురుషుడు ఆ పిసినారితనమే అని ఇప్పుడు సభల్లో చెప్పుకోలేను గానీ, నిజం అదే.

ఆడవాళ్ళకు అప్పట్లో బండి నడిపే అనుమతి లేదు. మొగుళ్ళకు తీరిక లేదు. అందుకని అంగడికి మేము పోయేవాళ్ళం కాదు, మా బుట్ట పోయేది. నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి నేను తాడు వదిలితే మూడో అంతస్తులో తణుకు నుంచి వచ్చిన పద్మావతి గారు పట్టుకుని తన చీటీ వేసేవారు, రెండో అంతస్తులో మస్తాన్ భాయ్ భార్య నూర్జహాన్ తన చీటీ వేసేది, కింద బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే కోయా అనే మలయాళీ అన్నీ కలిపి కట్టి "ఖలాస్!" అని అరిస్తే పైకి లాక్కునేవాళ్ళం. ఒకసారి చీటీ వెనక ఊరికే సరదాకు రాశాను: 'టమాటా కిలో మీద ఒక రియాల్ పెరిగినది. కోయా ముఖంలో మాత్రం విచారం కనిపించలేదు.' పద్మావతి గారు పైకి తలెత్తి, "ఏవండోయ్, బాగుందండీ, రేపు కూడా రాయండి!" అన్నారు. అంతే, పత్రిక పుట్టింది. వారానికి ఒకటి, టైమ్ షీటు వెనక. 'నీళ్ళ ట్యాంకరు మూడో రోజు కూడా రాలేదు. నాలుగో అంతస్తు వారు గిన్నెలు కన్నీళ్ళతో కడుక్కుంటున్నారు.' 'సముద్రం రోడ్డు మీద కొత్త కెమెరా పెట్టారు. మొదటి ఫోటో మస్తాన్ భాయ్‌ది. బాగా పడిందని వినికిడి, ఖరీదు మాత్రం ఎక్కువ.' 'బక్రీదుకు తెచ్చిన పొట్టేలు మిద్దె మీద నుంచి పారిపోయి కార్గో ఆఫీసు ముందు దొరికినది. అదీ ఇండియాకే పోదామనుకున్నట్టుంది.' కోయా ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించేవాడు. తెలుగు చదవగలిగిన కంపెనీ బస్సు మనుషులు పెరుగు కొనే వంకతో వచ్చి చదివి, చదవలేని వాళ్ళకు హిందీలో చెప్పేవాళ్ళు. కోయా తనకు అందినంత అరబ్బీలోకి మార్చి, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత అంగడి ముందు కుర్చీ వేసుకుని చాయ్ తాగే మా ఇంటి ఓనరు అబూ సాలెహ్‌కు వినిపించేవాడు. అక్షరాలా మూడు భాషల పత్రిక. ఇప్పుడు నేను రాసే పుస్తకాలకు కూడా అంతమంది పాఠకులు లేరు.

నూర్జహాన్ గురించి చెప్పకపోతే ఈ కథకు అర్థం లేదు. పెళ్ళయిన నెలకే మస్తాన్ భాయ్ మా ఆయన కంపెనీలోనే బస్సు తోలడానికి సౌదీకి వచ్చేశాడు. డ్రైవరు వీసా మీద ఉన్నవాడికి ఫ్యామిలీని పిలిపించుకునే వీలు లేదు. ఆరేళ్ళు ఆమె అత్తగారింట్లో, ఇతను ఎనిమిది మంది పడుకునే గదిలో. చివరికి ఏ ఆఫీసరు కాళ్ళు పట్టుకున్నాడో, ఇఖామా అనే నివాసపు కార్డు మీద డ్రైవర్ అన్న మాట మార్పించుకుని భార్యనూ, అయిదేళ్ళ కూతురు సుమయానూ తెచ్చుకున్నాడు. ఆ పాప తండ్రిని మొదటి మూడు నెలలు "బస్సాయన" అని పిలిచింది. అది విని మేమంతా పడీ పడీ నవ్వాం, నూర్జహాన్ కూడా నవ్వింది. అయితే ఒకరోజు పాప "అబ్బా" అని పిలిచిందని ఆమె రెండంతస్తులు మెట్లెక్కి వచ్చి నాకు చెప్పి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పొద్దున లేస్తే ఆమెకు కావలసిన మొదటి వార్త టమాటా ధర. "ఆపా, ఈపొద్దు ఎంతంట?" అని కింద నుంచి అరిచేది. ధర పెరిగితే ఆ పూట చింతపండు పులుసు, తగ్గితే టమాటా పప్పు. ఆ బిల్డింగులో మా అందరి జీవితాలూ అలాగే నడిచేవి గానీ, ఆమె ఒక్కతే దాన్ని సంతోషంగా నడిపేది.

ఇక నేను చేసిన ఘనకార్యం. పద్మావతి గారి పిన్ని కూతురు ఒకామె జిద్దాలో ఉండేది. ఒక శుక్రవారం భోజనానికి వచ్చి, బాల్కనీలో ముక్కు మూసుకుని నిలబడి, "అక్కా, ఇలాంటి చోట ఎలా ఉంటున్నావే? కనీసం ఒక మాల్ కూడా లేదు" అంది. ఆవిడ వెళ్ళాక పద్మావతి గారు మొహం మాడ్చుకుని కూర్చున్నారు. "నా పరువు తీసేసిందండీ. మన ఊళ్ళో ఏదో ఒకటి వస్తుందని రాయండి. ఎవరు చూడొచ్చారు?" నాకూ రోషం పొడుచుకొచ్చింది. ఆ వారం సంచికలో రాబిగ్‌కు రైలు తెప్పించాను. సముద్రం ఒడ్డున మూడంతస్తుల మాల్ కట్టించాను. పన్నెండో తరగతి దాకా ఇండియన్ స్కూలు తెరిపించాను. 'రాబోయే రోజుల్లో జిద్దా వారే ఇక్కడికి ఇళ్ళు వెతుక్కుంటూ వస్తారని పెద్దల అంచనా' అని ముగించాను. ఆ పెద్దలు నేనూ, పద్మావతి గారూ. కోయా దాన్ని కాపీలు తీయించి పంచాడు. మూడు రోజుల్లో ఊరంతా టాంటాం అయింది. మా ఆయనే బయట నుంచి వచ్చి, "తెలుసా, మనకు రైలు వస్తాందంట" అని నాకు చెప్పాడు. ఎవరన్నారంటే బస్సులో అనుకుంటున్నారన్నాడు. నేను కుక్కర్ మీద మూత పెట్టి నవ్వు ఆపుకున్నాను.

ఆ నెలాఖరున అబూ సాలెహ్ ఖర్జూరాలు పట్టుకుని ఒక్కొక్క ఇంటి తలుపూ తట్టాడు. చాలా మర్యాదస్థుడు. మగవాళ్ళ యోగక్షేమాలు, పిల్లల చదువులు, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల ఆరోగ్యం, అన్నీ అడిగాడు. చివర్లో, "మాషా అల్లా, మన ఊరికి రైలు వస్తోందట, మీ వాళ్ళే రాశారట" అని సంతోషించి, వచ్చే ఆరు నెలలకు ముందుగా కట్టే అద్దెను సగానికి సగం పెంచాడు. ఇంకా భూమి కూడా తవ్వని రైలుకు మేమందరం టికెట్టు కొన్నాం. మా ఇంట్లో మాంసం నెలకు రెండుసార్లకు తగ్గింది, అంతే. నూర్జహాన్ ఇంట్లో మాత్రం కొంప మునిగింది. ఆ అద్దె కట్టాలంటే మస్తాన్ భాయ్ జీతంలో తిండికి మిగిలేదేమీ లేదు. కట్టకపోతే ఖాళీ చెయ్యాలి. ఊళ్ళో ఇంకెక్కడికి పోయినా అదే ధర, ఎందుకంటే రైలు ఊరంతటికీ వస్తోంది కదా. ఫ్యామిలీని పంపిద్దామా అంటే, ఒకసారి ఎగ్జిట్ కొట్టిస్తే మళ్ళీ ఆ వీసా ఈ జన్మకు రాదు. నూర్జహాన్ పైకి వచ్చి నా వంటింటి గడపలో కూర్చుంది. కోపం లేదు ఆ మనిషికి, అదే నాకు బాధ. "ఆపా, పోయినసారి రైలు రాస్తివి గదా. ఈతూరి ఆ రైలును ఎనక్కి పంపి రాయి" అంది.

పంపాను. మేము ముగ్గురం కూర్చుని ఊరిని పాడుబెట్టాం. రైలు రావడం లేదు, ఇసుక మెత్తగా ఉందట. మాల్ కట్టే చోట ఉప్పు నీళ్ళు ఊరుతున్నాయట. స్కూలు సంగతి ఎవరికీ తెలియదట. ఇది చాలదనిపించింది నాకు. ఓనరుకు గుండె గుభేలుమనాలంటే ఇళ్ళు ఖాళీ అవుతాయని తెలియాలి. పద్మావతి గారు "అది వద్దేమోనండీ" అని నసుగుతున్నా వినకుండా రాశాను: 'కంపెనీ బస్సుల కాంట్రాక్టు ఈ రంజాన్‌తో ముగిసిపోతుందని, పనివాళ్ళను వెనక్కి పంపుతారని తెలియవచ్చినది.' ఆ వాక్యం రాసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. సంపాదకురాలి ఆనందం. సిగ్గులేని ఆనందం.

అబూ సాలెహ్ ఈ వార్త విని కోయాతో ఏమన్నాడంటే, "పోతే పోనీ. ఫ్యామిలీలు పోతే బ్యాచిలర్లను పెడతాను, ఇంటికి పది మంది, తలకింత. అద్దె ఇంకా ఎక్కువే వస్తుంది." చాయ్ మాత్రం ఆపలేదు. అదే వార్త బస్సు ఎక్కింది. ఎక్కిన చోట ఒక మాట, దిగిన చోట పది మాటలు. పైగా కాగితం ఇటు తిప్పితే నా రాత, అటు తిప్పితే కంపెనీ ముద్ర! చూసిన వాడల్లా ఆఫీసు నుంచి జారిన రహస్యమే అనుకున్నాడు. నాలుగో రోజు మా ఆయన పాలిపోయిన మొహంతో ఇంటికి వచ్చాడు. ఈ పుకారు పుట్టించినవాడు దొరికితే ఆ రోజే ఎగ్జిట్ కొట్టి పంపుతానని మేనేజరు అందరినీ నిలబెట్టి తిట్టాడట. "టైమ్ షీటు మీద అంట. టైమ్ షీట్లు యాడుంటాయి? నా టేబుల్ కాడ ఉంటాయి" అన్నాడు. ఇంట్లో ఉన్న కాగితాల కట్టలన్నీ చింపి బకెట్లో నానబెట్టాడు. గోరంత పెన్సిలు పారెయ్యని మనిషి. నేను ఆయన పక్కన కూర్చుని చింపుతూ ఉండిపోయాను.

మర్నాడు అసర్ తర్వాత నూర్జహాన్ పాపనూ, మస్తాన్ భాయ్‌నీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అతని చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో మూడు పాస్‌పోర్టులు. అద్దె కట్టడానికి గడువు ఎల్లుండి. కంపెనీ పోయేదే అయితే ఆరు నెలల అద్దె కట్టి ఏం లాభం, ఆ డబ్బుతో టికెట్లు తీసి ఇప్పుడే ఫ్యామిలీని పంపేస్తే మేలని అతని లెక్క. కంపెనీ ఉండేదే అయితే ఎవరినైనా చేబదులు అడిగి, ఓవర్‌టైమ్ చేసి ఎలాగో నెట్టుకొస్తానన్నాడు. "ఇదంతా ఉత్తదే, ఆపానే కూర్చోని రాసిందంటే ఇనడు ఆపా. బస్సులో పదహైదు మంది చెప్తాండారు, నీ మాట ఎవరిక్కావల్ల అంటాడు. నువ్వే చెప్పు" అంది నూర్జహాన్. మస్తాన్ భాయ్ తల వంచుకునే అడిగాడు. "ఆపా, ఒకే మాట. విని రాసినావా, కల్పించి రాసినావా?" మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఆయన అడగడం. కల్పించానంటే ఈ మనిషి మంచివాడే గానీ, రేపు బస్సులో అందరి భయం పోగొట్టడానికి ఆ మాట అనకుండా ఉంటాడా? అది మేనేజరు దాకా పోకుండా ఉంటుందా? మా కొడుకు అప్పుడు మూడో తరగతి. "విని రాసినా మస్తాన్ భాయ్" అన్నాను. నూర్జహాన్ నా మొహం వైపు చూసింది. ఆ పొద్దు వరకు పక్కన కూర్చుని నాకు మాటలు అందించిన మనిషి, ఏమీ అనకుండా పాపను ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

రెండు వారాల్లో తల్లీ కూతుళ్ళు వెళ్ళిపోయారు. రంజాన్ వచ్చింది, పోయింది, బస్సు ఒక్క రోజు కూడా ఆగలేదు. అబూ సాలెహ్ అన్నంత పనీ చేసి ఆ ఇంట్లో పది మంది బ్యాచిలర్లను పెట్టాడు. ఆ పది మందిలో ఒకడు మస్తాన్ భాయ్! తన హాల్లోనే, తన భార్య పరదాలు కట్టిన కిటికీ కిందే, తలకింత అని కట్టి మంచం వేసుకున్నాడు. నేను మళ్ళీ పత్రిక రాయలేదు. తాడు కోసేసి బుట్ట అతనికిచ్చేశాను, బట్టల సబ్బు పెట్టుకోవడానికి పనికొస్తుందని. మరుసటి ఏడాది మా ఆయనకు జిద్దాలో పని దొరికి మేము వచ్చేశాం. మస్తాన్ భాయ్ ఫ్యామిలీ వీసాకు మళ్ళీ రెండుసార్లు పెట్టుకున్నాడు, రాలేదు. ఆ తర్వాత తెచ్చుకున్న ఫ్యామిలీలో మనిషికింత అని సర్కారు ఫీజు వచ్చింది. ఇక పెట్టుకోలేదు. సుమయా పెళ్ళి ఫోనులో చూశాడు.

ఇప్పుడు మా కోడలు బాల్కనీలోకే పోదు. సోఫాలో కూర్చుని వేలితో నొక్కితే టమాటాలు తలుపు దగ్గరికి వస్తాయి, ధర ఎంతో కూడా చూడదు. తనే కారు నడుపుకుని పోతుంది. వార్తలు కూడా అలాగే వస్తున్నాయి, రోజుకు వంద, ఒక్కొక్కటీ పదిసార్లు, ఎవరు రాశారో ఎవరికీ అక్కర్లేదు. నేను టైమ్ షీటు వెనక రాసి సిగ్గుపడిన పనిని ఇప్పుడు చదువుకున్నవాళ్ళు పొద్దున లేవగానే గుడ్ మార్నింగుతో కలిపి చేస్తున్నారు. అన్నిటికంటే వింత ఏమిటంటే, మేము కల్పించిన ఊరు నిజంగానే కట్టేశారు. మాల్ వచ్చింది. రైలు వచ్చింది, స్టేషన్ ఊరికి దూరంగానైనా. అద్దెలు మాత్రం మేము రాసిన దగ్గర కూడా ఆగలేదు.

మస్తాన్ భాయ్ చాయ్ తాగడం అయింది. గ్లాసు కింద పెట్టి, బుట్టను నా వైపు జరిపాడు. "మా ఇంట్లోఆమె ఏమన్నిందంటే, ఆపా కాడికి ఈ బుట్ట తీసుకోని పో, దాంట్లో ఒక కాగితం రాపిచ్చుకోని రా అన్నింది. ఏం రాయాల్నో ఆపాకు తెలుసంట. నాకైతే చెప్పల్యా." అంటూ నవ్వాడు. "నేను అప్పుడప్పుడు ఆమెతో అంటాంటా. ఆపా ఆపొద్దు నిజం చెప్పబట్టి సరిపోయిందమ్మే, లేకుంటే ఆ బాడిగలకు అప్పుల్లో మునిగిపోయేవాళ్ళం అని. అట్లన్నప్పుడంతా ఏం మాట్లాడదు." ఇన్నేళ్ళు ఆమె ఆ మాట వింటూ ఊరుకుంది. ఎందుకో నాకు తెలుసు. మొగుడు ఆ ఒక్క సమాధానం పట్టుకుని బతుకుతున్నాడని, దాన్ని అతని చేతిలోంచి లాగెయ్యలేక. ఇప్పుడు అతను ఇంటికి వస్తున్నాడు. అబద్ధంతో పాటు ఇంట్లోకి రానివ్వదు.

మా మనవరాలి నోటుపుస్తకంలో కాగితం చింపుకున్నాను. మా ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు నిజం రాస్తే పోయే ఉద్యోగం ఈ ఇంట్లో ఏదీ లేదు. నా ధైర్యం ఖరీదు అంతే. 'మస్తాన్ భాయ్, ఆ రోజు నేను విని రాయలేదు, కల్పించి రాశాను. కంపెనీ పోతుందని ఎవరూ చెప్పలేదు' అని రాసి మడిచి బుట్టలో వేశాను. అతను తీసి జేబులు తడుముకున్నాడు. "అద్దాలు తేల్యా ఆపా. నువ్వే చదువు" అన్నాడు.

చదివాను. చివరి దాకా చదివాను.

అతను కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. నేను క్షమించమనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. లేచి, చెప్పులు వేసుకుంటూ, గుమ్మంలో ఆగి అడిగాడు.

"ఆ రైలు గూడా కల్పించిందేనా ఆపా?"

"అవును భాయ్. అదీ కల్పించిందే."

"మరి అది వచ్చె గదా" అన్నాడు మస్తాన్ భాయ్.